ఉలిపికట్టె దారి: సామాజిక మాధ్యమాలు లేని కళాశాల జీవితం

2021 అక్టోబర్ 4, సోమవారం రాత్రి తొమ్మిది దాటిన కాసేపటికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పట్లో నేను ఒక ఇంజినీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతూ, అబ్బాయిల హాస్టల్‌కు డిప్యూటీ వార్డెన్‌గా కూడా ఉండేవాణ్ణి. మొదటి పావుగంటలో నా గదికి వచ్చిన ఫిర్యాదులన్నీ వైఫై మీదే. ఒకతను రౌటర్ ఆపి మళ్ళీ వేయమన్నాడు. మరొకతను డేటా అయిపోయిందనుకుని రీచార్జ్ చేయించుకుని, అయినా రావడం లేదని లబోదిబోమన్నాడు. ఇంకొకతను మెట్ల మీద కూర్చుని ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. లోపం తన ఫోన్‌లోనే ఉందని ప్రతివాడూ అనుకున్నాడు. పది గంటలకల్లా అది అందరికీ, ప్రపంచమంతటా ఆగిపోయిందని తెలిసింది. తెలిసిన మరుక్షణం వరండా మారిపోయింది. వేసవి రాత్రి కరెంటు పోతే జనం మేడ మీదికి చేరినట్టు పిల్లలంతా గదులు వదిలి బయటికి వచ్చారు. ఎవరో క్యారమ్ బోర్డు తెచ్చి దింపారు. తెల్లవారుజామున మూడు దాటాక సేవలు తిరిగి వచ్చేసరికి చాలామంది నిద్రపోతున్నారు.

నష్టం ఒక్కటే, స్పందనలు మాత్రం రెండు. తనకొక్కడికే పోయిందనుకున్నంతసేపు కంగారు, అందరికీ పోయిందని తెలియగానే తేలిక. కళాశాల విద్యార్థులు సామాజిక మాధ్యమాల మీద ఇంతగా ఎందుకు ఆధారపడుతున్నారు, అవి లేకుండా గడపడం వాళ్ళకు ఎందుకంత కష్టమవుతోంది అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ రాత్రి వరండాలోనే ఉందని నా అభిప్రాయం. మనం సాధారణంగా దీన్ని మనోనిగ్రహానికి సంబంధించిన విషయంగా చూస్తాం: పిల్లవాడికి పట్టుదల ఉంటే మానేస్తాడు, లేకపోతే మానలేడు. గత పదిహేనేళ్ళలో విద్యార్థుల మీద జరిగిన పరిశోధనలను వరసగా చదివితే చిక్కుముడి ఇంకోచోట కనిపిస్తుంది.

ముందుగా వ్యసనం అన్న మాట సంగతి తేల్చుకోవాలి. తల్లిదండ్రులు, పత్రికలు, ఒక్కోసారి విద్యార్థులే ఈ మాటను ధారాళంగా వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ పదకొండో కూర్పులో వీడియో గేముల రుగ్మతకు చోటిచ్చింది గాని, సామాజిక మాధ్యమాల వ్యసనం పేరుతో ఒక రోగాన్ని గుర్తించలేదు. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో తయారుచేసిన ఒక కొలమానం మాత్రం విస్తృతంగా వాడుకలో ఉంది. ఎప్పుడూ దాని గురించే ఆలోచించడం, వాడకం పెరుగుతూ పోవడం, బాధ మరచిపోవడానికి దాన్ని ఆశ్రయించడం, తగ్గించబోయి విఫలం కావడం, లేకపోతే చిరాకు పడటం, చదువు దెబ్బతినడం అనే ఆరు లక్షణాలను అది అడిగి చూస్తుంది. ఈ ఆరూ తీవ్రంగా ఉన్నవారు కచ్చితంగా ఉంటారు, వారికి వైద్యుడి సాయం అవసరం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014లోనే ఇలాంటివారి కోసం ప్రత్యేకంగా ఒక క్లినిక్ తెరిచింది. అయితే నేను చూసిన తరగతి గదుల్లో అలాంటివారు తక్కువ. మిగిలినవారిది రోగం కాదు, ఆధారపడటం. ఊళ్ళో ఉన్నవాడు ఊరి బావి మీద ఆధారపడినట్టు.

ఈ ఆధారపడటం ఎలా ఉంటుందో విద్యార్థుల మాటల్లోనే బయటపెట్టింది అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం. 2010లో అక్కడి జర్నలిజం కళాశాల 200 మంది విద్యార్థులను 24 గంటలపాటు ఫోన్, కంప్యూటర్, టీవీ, పాటలతో సహా అన్ని మాధ్యమాలకూ దూరంగా ఉండమని, తర్వాత ఆ అనుభవాన్ని రాయమని అడిగింది. ఆ రాతలన్నీ కలిపితే లక్షా పదివేల మాటలకు పైగా తేలాయి. ఫలానా యాప్ లేక బాధపడ్డామని వాళ్ళు రాసింది తక్కువ. మనుషులు దూరమయ్యారని రాసిందే ఎక్కువ. వేలమంది చదువుకునే ప్రాంగణంలో ఉండి కూడా, స్నేహితులతో సందేశాలు ఆగిపోగానే తన జీవితం నుంచి తననే వెలివేసినట్టు అనిపించిందన్నది ఒక విద్యార్థి రాత సారాంశం. ఆ తర్వాత ఇదే ప్రయోగాన్ని చైనా, లెబనాన్, ఉగాండా, చిలీ, బ్రిటన్ వంటి పది దేశాలకు చెందిన దాదాపు వెయ్యిమంది విద్యార్థులతో చేస్తే, ప్రతి దేశంలోనూ మెజారిటీ విద్యార్థులు 24 గంటలు పూర్తిగా నిలబడలేకపోయామని ఒప్పుకున్నారు. లెబనాన్‌లోని బీరూట్ పిల్లలకూ ఉగాండాలోని కంపాలా పిల్లలకూ భాష, ఆదాయం కలవవు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఒకే మాట రాశారు.

ఇక్కడే చాలామంది ఒక సులువైన వివరణకు చేరుకుంటారు. జూదపు యంత్రం మీట లాగిన ప్రతిసారీ డబ్బు రాదు, ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఆ అనిశ్చితే మనిషిని కుర్చీలో కట్టిపడేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి కోసం పావురం ఆగకుండా బిళ్ళను ముక్కుతో పొడుస్తూనే ఉంటుందని అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగశాలలో చూపించాడు. తెరను కిందికి లాగితే కొత్తది రావడం, ఎంత జరిపినా పేజీ చివర కనిపించకపోవడం, లైకులు విడతలు విడతలుగా రావడం, ఇవన్నీ ఆ సూత్రం మీదే నడుస్తాయి. ఇదంతా నిజమే. అమెరికాలో డిగ్రీ విద్యార్థులను ప్రశ్నించిన ఒక అధ్యయనంలో 89 శాతం మంది, ఫోన్ మోగకపోయినా మోగినట్టు శరీరానికి తోచిన అనుభవం తమకుందని చెప్పారు. నా జేబులో కూడా అప్పుడప్పుడు లేని ఫోన్ వణుకుతుంది, కాబట్టి విద్యార్థులను ఎగతాళి చేసే అర్హత నాకు లేదు.

కానీ ఈ వివరణ ఒక్కటే సరిపోదని చెప్పే ఆధారం ఫేస్‌బుక్ బాల్యంలోనే ఉంది. 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ హాస్టల్ గదిలో పుట్టినప్పుడు అది హార్వర్డ్ విద్యార్థులకు మాత్రమే. తర్వాత కొలంబియా, స్టాన్‌ఫర్డ్, యేల్, ఆపైన ఒక్కొక్క కళాశాల చొప్పున విస్తరించి, 2006 సెప్టెంబరులో గాని అందరికీ తలుపులు తెరవలేదు. అన్ని కళాశాలలకూ ఒకేరోజు రాకపోవడం వల్ల పరిశోధకులకు అనుకోని వరం దొరికింది. లూకా బ్రాగియేరి, రోయీ లెవీ, అలెక్సీ మకరిన్ అనే ఆర్థికవేత్తలు 775 కళాశాలలకు ఫేస్‌బుక్ ఎప్పుడెప్పుడు వచ్చిందో లెక్క తీసి, అక్కడి విద్యార్థుల ఆరోగ్య సర్వేలతో పోల్చి చూసి 2022లో ఫలితాలు ప్రచురించారు. ఫేస్‌బుక్ వచ్చిన కళాశాలల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యం దెబ్బతింది. ఆ దెబ్బ, ఉద్యోగం పోయినప్పుడు మనిషి మనసుకు తగిలే దెబ్బలో సుమారు 22 శాతానికి సమానమని వారు అంచనా కట్టారు.

ఇప్పుడు ఆ తేదీలను మరోసారి చూడండి. 2004, 2005 నాటి ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ లేదు, అది 2009లో వచ్చింది. మిత్రుల సంగతులన్నీ ఒకచోట పోగుచేసి చూపించే న్యూస్ ఫీడ్ 2006 సెప్టెంబరుకు గాని రాలేదు. చేతిలో స్మార్ట్‌ఫోన్ లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఒకరి పేజీ తర్వాత ఒకరి పేజీ తెరుచుకోవాల్సిందే. జూదపు యంత్రం ఇంకా బిగించలేదు, అయినా బాధ మొదలైంది. ఎందుకు? పరిశోధకుల జవాబు పోలిక. క్యాంపస్‌కు దూరంగా ఉండేవారు, ఆర్థికంగా వెనకబడినవారు, అధిక బరువు ఉన్నవారు, అంటే పక్కవారితో పోల్చుకుంటే తామే తక్కువని అనిపించే అవకాశం ఉన్నవారు ఎక్కువ నష్టపోయారు. తోటివారు నిజంగా తాగుతున్నదానికంటే ఎక్కువ తాగుతున్నారని విద్యార్థులు భ్రమపడటం పెరిగింది. అందరూ పండగ చేసుకుంటున్నారు, నేనొక్కడినే గదిలో ఉన్నాను అనే ఊహ ప్రతి గదిలోనూ ఒకే సమయంలో పుట్టింది.

మరి మానేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబిచ్చిన ప్రయోగాలు కొన్ని ఉన్నాయి, అవి చెప్పేది మధ్యస్థంగానే ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో చేసిన 2018 నాటి ప్రయోగంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను ఒక్కొక్కటీ రోజుకు పది నిమిషాలకు తగ్గించినవారిలో మూడు వారాలకు ఒంటరితనం, దిగులు తగ్గాయి. విద్యార్థులు తమ ఐఫోన్ బ్యాటరీ వాడకం తెరను ఫోటో తీసి పంపడం ద్వారా లెక్క అప్పజెప్పేవారు. తమాషా ఏమిటంటే, ఏమీ తగ్గించకుండా ఆ లెక్క మాత్రమే పంపిన బృందంలో కూడా ఆందోళన కొంత తగ్గింది. తమ వాడకాన్ని తాము చూసుకోవడమే కొంత మందు అయిందన్నమాట. 2018 అమెరికా ఎన్నికల ముందు రెండు వేల ఏడువందల మందికి పైగా వయోజనులతో చేసిన మరో ప్రయోగంలో, నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపేసినవారికి రోజుకు సగటున గంటసేపు మిగిలింది. ఆ గంట మరో యాప్‌కు పోలేదు. టీవీకి, కుటుంబానికి, స్నేహితులకు పోయింది. మనసు కొద్దిగా కుదుటపడింది, వార్తల పరిజ్ఞానం తగ్గింది, ప్రయోగం ముగిశాక కూడా వాడకం పూర్వస్థితికి చేరలేదు. గమనించవలసిన మాట 'కొద్దిగా' అన్నది. సామాజిక మాధ్యమాలు మానేస్తే జీవితం మారిపోతుందని ప్రసంగాలు చేసేవారు ఈ అంకెలను చూసినట్టు లేరు.

అంత మేలు ఉన్నా లేకపోయినా, కాస్తయినా మేలు ఉన్నప్పుడు విద్యార్థులు తమంతట తాము ఎందుకు మానరు? నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో కీలకమైన జవాబు చెప్పింది ఆర్థికవేత్త లియొనార్డో బర్స్టిన్ బృందం. వారు అమెరికాలో వెయ్యిమందికి పైగా కళాశాల విద్యార్థులను ముందుగా ఇలా అడిగారు: మీ తోటి విద్యార్థులంతా వాడుతూనే ఉండగా మీరొక్కరే నాలుగు వారాలు ఖాతా ఆపేయాలంటే మీకెంత ఇవ్వాలి? సగటున టిక్‌టాక్‌కు 59 డాలర్లు, ఇన్‌స్టాగ్రామ్‌కు 47 డాలర్లు అడిగారు. తర్వాత ప్రశ్న మార్చారు: మీతో పాటు మీ విశ్వవిద్యాలయంలో అందరూ మానేసేలా అయితే? ఈసారి లెక్క తలకిందులైంది. డబ్బు తీసుకోవడం కాదు, అలా జరిపించడానికి సగటున తామే టిక్‌టాక్‌కు 28 డాలర్లు, ఇన్‌స్టాగ్రామ్‌కు 10 డాలర్లు ఎదురు ఇస్తామన్నారు. అసలు లేకపోతే బాగుండునని కోరుకునే వస్తువును, పక్కవాడు వాడుతున్నాడు గనుక తానూ వాడుతున్నాడు. ఆ పక్కవాడి కథా అదే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మన సామెత వేరుగా నడిచేవాణ్ణి వెక్కిరిస్తుంది. అలా నడిచినందుకు ఏం పోగొట్టుకోవాలో ఈ ప్రయోగం డాలర్లలో లెక్కగట్టింది.

మన దగ్గర ఆ ధర ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. రెండో సంవత్సరం విద్యార్థి ఒకతను మిడ్ పరీక్షల ముందు ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ రెండూ ఫోన్‌లోంచి తీసేశాడు. రాత్రి పది గంటల నలభై నిమిషాలకు క్లాస్ రిప్రజెంటేటివ్ గ్రూపులో ఒక సందేశం పెట్టాడు: రేపటి ల్యాబ్ వైవా మధ్యాహ్నం కాదు, ఉదయం పదింటికి. ఈ అబ్బాయి రెండింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, రికార్డు చంకలో పెట్టుకుని వచ్చేసరికి ల్యాబ్‌కు తాళం వేసి ఉంది. 'గ్రూపులో పెట్టాం కదరా' అన్నారు స్నేహితులు. అధ్యాపకుడి మాటా అదే, 'రా' ఒక్కటి లేదు. విన్నపం రాసిచ్చి, సంతకాలు పెట్టించుకుని మర్నాడు వైవా చెప్పాడు గాని, ఆ సాయంత్రమే వాట్సాప్, వారం తిరగకుండా ఇన్‌స్టాగ్రామ్ తిరిగి ఫోన్‌లోకి వచ్చేశాయి. అతనిలో పట్టుదల లోపించిందని నేను అనలేను. మన కళాశాలల్లో వాట్సాప్ కార్యాలయం, ఇన్‌స్టాగ్రామ్ వీధి అరుగు. హాజరు పట్టిక, నోట్సు పీడీఎఫ్‌లు, ఫీజు గడువు, ప్లేస్‌మెంట్ డ్రైవ్ వివరాలు అన్నీ మొదటిదానిలో. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, సాయంత్రం ఎక్కడ కలుస్తున్నారు అన్నవి రెండోదానిలో. విద్యార్థిని ఫోన్ పక్కన పెట్టమని తరగతిలో చెప్పే అధ్యాపకులమే, తరగతి అయిపోగానే 'గ్రూప్ చూడండి' అంటున్నాం.

తెలుగు రాష్ట్రాల విద్యార్థుల విషయంలో మరొక విశేషం ఉంది. ఇదే పిల్లలు అంతకుముందు రెండేళ్ళు కార్పొరేట్ జూనియర్ కళాశాల హాస్టల్‌లో ఫోన్ లేకుండా ఉండి వచ్చినవారు. ఔటింగ్ రోజున అమ్మ తెచ్చిన క్యారియర్ పక్కన పెట్టుకుని, అరగంట నాన్న ఫోన్ చూసి తిరిగి ఇచ్చేసినవారు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు రాగానే ఇంట్లో కొనిచ్చే మొదటి బహుమతి స్మార్ట్‌ఫోన్. పదిహేడేళ్ళ వయసులో ఫోన్ లేకుండా రెండేళ్ళు నడిచిన జీవితం పద్దెనిమిదేళ్ళకు రెండు గంటలు కూడా నడవకపోవడానికి కారణం మెదడులో ఏదో మారిపోవడం కాదు. ఆ హాస్టల్‌లో ఎవరి దగ్గరా ఫోన్ లేదు, అంతే. సమాచారం మైకులో వచ్చేది, కబుర్లు మంచాల మధ్య నడిచేవి, ఏదీ తప్పిపోతోందన్న భయానికి తావు లేదు. దీన్ని ఆ హాస్టళ్ళకు కితాబుగా ఎవరూ తీసుకోవద్దు. తాళం వేసి ఉంచిన రెండేళ్ళు ఆ పిల్లలకు మితంగా వాడటం నేర్పలేదు. తాళం తీసిన రోజున గేటు పగిలిన చెరువు సంగతే అవుతుంది.

అయితే అందరూ ఒకేసారి మానేస్తే సరిపోతుందా? అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి, వాటి ఫలితాలు ఒకేలా లేవు. 2010 సెప్టెంబరులో పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్ సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం వారం రోజులపాటు క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఫేస్‌బుక్, ట్విట్టర్ వంటివి ఆపేసింది. ఆ ప్రయోగం తలపెట్టిన ప్రొవోస్ట్ (విద్యా వ్యవహారాల అధిపతి) ఎరిక్ డార్ అది శిక్ష కాదని, ఆలోచించుకోవడానికి అవకాశమని చెప్పాడు. కొందరికి పని తెమిలింది, ఊపిరి సలిపింది. మరికొందరు తమ సొంత ఫోన్లలో చూసుకున్నారు. మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు, అంత పెద్ద వేదిక ఒక్క రాత్రిలో మాయమైనా ఎవరూ వెలివేసినట్టు బాధపడలేదు, ఎందుకంటే అందరికీ పోయింది. కానీ తొమ్మిది రోజులకే, జులై 8న, ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ ప్రవేశపెట్టింది. పల్లెటూళ్ళలో పొలం గట్టు మీద వీడియోలు తీసుకుని పేరు తెచ్చుకున్నవారు ప్రేక్షకులను పోగొట్టుకున్నారు గాని, చూసే అలవాటు చెక్కుచెదరకుండా పక్క దుకాణానికి మారింది.

మూడో సందర్భం కాశ్మీర్. 2019 ఆగస్టులో అక్కడ ఇంటర్నెట్ పూర్తిగా ఆపివేశారు. 2020 జనవరిలో నెమ్మదైన 2జీ, అనుమతించిన కొన్ని వెబ్‌సైట్లు మాత్రమే తిరిగి వచ్చాయి. సామాజిక మాధ్యమాల మీద ఆంక్ష మార్చి దాకా, 4జీ మీద ఆంక్ష 2021 ఫిబ్రవరి దాకా కొనసాగాయి. పరీక్షల దరఖాస్తు నింపడానికి విద్యార్థులు రైలెక్కి, లోయ అవతల ఇంటర్నెట్ ఉన్న బనిహాల్ దాకా వెళ్ళవలసి వచ్చేది. ఆ రైలుకు జనం ఇంటర్నెట్ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. అక్కడ కూడా అందరికీ ఒకేసారి పోయింది, కానీ క్యారమ్ బోర్డు ఆనందం మాత్రం రాలేదు. వాళ్ళు పోగొట్టుకున్నది పోలికల వీధి అరుగును ఒక్కదాన్నే కాదు, దరఖాస్తుల కార్యాలయాన్ని కూడా. పైగా అది వాళ్ళు అడిగింది కాదు.

కాబట్టి విద్యార్థి మీద ఉన్న ముడిని విప్పాలంటే ఈ రెండు పోగులనూ విడదీయాలి. వీధి అరుగు సంగతి విద్యార్థులు తమలో తాము చూసుకోగలరు. ఒక గదిలో నలుగురు కలిసి రాత్రి పది దాటాక ఫోన్లు అల్మరాలో పెడదామనుకుంటే, ఒక్కడు ప్రతిజ్ఞ చేసుకున్నదానికంటే అది ఎక్కువ కాలం నిలుస్తుంది. నేను చూసినంతలో ఒంటరి ప్రతిజ్ఞలు మూడో రోజుకు, నలుగురి ఒప్పందాలు మిడ్ పరీక్షల చివరి రోజుకు వీగిపోతాయి. కార్యాలయం సంగతి మాత్రం కళాశాలే చూడాలి. అధికారిక సమాచారాన్ని వాట్సాప్ గ్రూపులో మాత్రమే ఇవ్వడం అంటే, ఆ యాప్ వాడటాన్ని ప్రవేశ నిబంధనగా పెట్టడమే. ప్రాస్పెక్టస్‌లో ఆ వాక్యం రాయలేదు గాని, రాసినట్టే.

తాళం వేసిన ల్యాబ్ ముందు నిలబడ్డ ఆ అబ్బాయి ఉదంతం తర్వాత మా విభాగంలో ఒక చిన్న మార్పు చేశాం. పరీక్షల వేళలు, ల్యాబ్ మార్పులు ముందురోజు సాయంత్రం నాలుగింటిలోపు నోటీసు బోర్డు మీద పెట్టాలి, గ్రూపులో ఏది పెట్టినా ఆ తర్వాతే. గాజు తలుపు వెనక బూజు పట్టిన బోర్డును తుడిపించి, కొత్త గుండుసూదులు తెప్పించాం. ఇప్పుడు కాగితం అతికించిన రెండు నిమిషాలకు ఎవరో ఒకరు దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెడతారు, మిగతా అరవై మంది క్యాంటీన్‌లో కూర్చుని చూసుకుంటారు. మూడో సంవత్సరంలో కీప్యాడ్ ఫోన్ వాడే కుర్రాడు ఒకడున్నాడు. అతను మాత్రం బోర్డు దగ్గరికి వచ్చి, నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుని వెళ్తాడు. మొన్న అతను రాసుకుంటుండగా మెట్ల మీద నుంచి అతని స్నేహితుడు కేక వేశాడు: 'ఫోటో మసగ్గా వచ్చిందిరా, ల్యాబ్ తొమ్మిదింటికా పదింటికా చూసి చెప్పు!'